ఒక గంప సేపు

ఆ శుక్రవారం రేడియో గదిలో కోవా పంచకుండా ఉంటే బాగుండేదని షిరీన్ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. జాలరిపేట మత్స్యకారుల సంఘం కార్యదర్శి అర్జునరావు అరకిలో తెప్పించి, గదిలో ఉన్నవాళ్లకీ గుమ్మంలో ఉన్నవాళ్లకీ తలో ముక్క పెట్టాడు. "ఒక్క ప్రోగ్రామైనా మొరాయించలేదండీ," అని షిరీన్ గొప్పగా చెప్పుకుంది. ఆ మాట నిజమే. మొరాయించి ఉంటే ఎంతో నయంగా ఉండేది.

అది 2004 నవంబరు. షిరీన్‌ది పక్కనే ఉన్న పాతపట్నం. వాళ్ల నాన్న కరీం బాషాకు అక్కడ రేడియోలు బాగుచేసే కొట్టుంది. తీరం మీద సంఘం రేడియో స్తంభాన్ని నిలబెట్టింది ఆయనే. కంప్యూటర్ చదువు పూర్తికాగానే కూతురు ఆ స్తంభం కింది రేడియో గదిలో ఒక కంప్యూటర్ పెట్టి, ఊళ్లో ఇంకెవరికీ తోచని పని ఒకటి చేసింది. నడిసంద్రంలో బోటు ఇంజను ఆగిపోయిందనుకోండి. అందులోవాళ్లు తమ దగ్గరున్న జీపీఎస్ పెట్టెలో కనిపించే చోటును రేడియోలో చదివి చెబుతారు. ఒడ్డున అర్జునరావు దాన్ని కంప్యూటర్‌లో కొడతాడు. కాసేపయ్యాక వాళ్లు మళ్లీ చెబుతారు, ఆయన మళ్లీ కొడతాడు. రెండు చోట్లకీ మధ్య దూరం ఎంత, పిలుపులకీ మధ్య సమయం ఎంత అని చూసుకుని, నీరు ఆ బోటును ఎటు, ఎంత వేగంతో ఈడుస్తోందో కంప్యూటర్ లెక్క కడుతుంది. "ఎన్ని గంటల తర్వాత చోటు కావాలి?" అని అడుగుతుంది. ఆరు అంటే ఆరు గంటల తర్వాత ఎక్కడుంటుందో చెబుతుంది. అయిదేళ్లలో తొమ్మిది బోట్లు ఆ లెక్కతోనే దొరికాయి. జాలరిపేట ఆడవాళ్లు ఆ పెట్టెకు దిష్టి తీశారంటే తీయరా మరి.

పిలుపు ఎప్పుడు వచ్చిందో గుర్తుపెట్టుకునే పని షిరీన్ రాసిన డ్రైవర్‌ది. రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య తగిలించిన కార్డును నడిపే చిన్న ప్రోగ్రామది, కంప్యూటర్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లోకి చొరబడి కూర్చుంటుంది. చోటు లెక్కగట్టేది బయటి ప్రోగ్రాము. దాన్ని ఆమె క్లాస్‌మేట్ వీరేంద్ర రాసిచ్చాడు. అతనిప్పుడు పరవాడ కరెంటు ప్లాంటులో ఉద్యోగం చేస్తున్నాడు. పాత కంప్యూటర్‌లో గడియారం బ్యాటరీ పాడై, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎక్కడికో పోయేది. చూసినవాళ్లు చూసినట్టు దాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పేవారు. అందుకని షిరీన్ గడియారాన్ని నమ్మకుండా, కెర్నల్ తనలో తాను సెకనుకు వంద చొప్పున లెక్కపెట్టుకునే టిక్కులను తీసుకుంది. వీరేంద్ర ప్రోగ్రాము ఆ టిక్కులను వందతో భాగించి సెకన్లు చేసుకునేది. కంప్యూటర్ వచ్చాక అర్జునరావు పిలుపుల వేళలను పుస్తకంలో రాయడం మానేశాడు. పెట్టె గుర్తుపెట్టుకుంటోంది కదా, ఇంకా చెయ్యి నొప్పెట్టుకోవడం ఎందుకన్నాడు.

ఆ దీపావళికి పాత కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తది కొన్నారు. దాని డిస్కును పాత కెర్నల్ గుర్తుపట్టలేదు. కెర్నల్‌ను మార్చక తప్పలేదు, రెండు పాయింట్ నాలుగు నుంచి రెండు పాయింట్ ఆరుకు. కంప్యూటర్‌లో కెర్నల్‌ది వంటవాడి పని. మిగతా ప్రోగ్రాములు పంక్తిలో కూర్చుని తినేవి. వంటవాడు మారొచ్చు, పొయ్యి మారొచ్చు, కానీ వడ్డించే గరిటె కొలత మాత్రం మారకూడదు. కెర్నల్ రాసేవాళ్లకు ఇది ప్రాణం. లోపల ఎన్ని తిప్పలు పడినా, బయట కూర్చున్న పాత ప్రోగ్రాముకు పాత గరిటెతోనే వడ్డిస్తారు. షిరీన్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆ ధీమాతోనే తన డ్రైవర్‌లో నాలుగు లైన్లు మార్చి కొత్త కెర్నల్‌కు అతికించింది. వీరేంద్ర ప్రోగ్రామును ముట్టుకోలేదు. ఒడ్డుకు కట్టేసి ఉన్న రెండు బోట్ల నుంచి పిలిపించి పరీక్ష చేసింది. అవి ఉన్నచోటే ఉన్నాయని కంప్యూటర్ చెప్పింది. అందరూ కోవా తిన్నారు.

మంగళవారం ఆమె పదకొండు గంటలకు గదికి వచ్చేసరికి అర్జునరావు మొహం పాలిపోయి ఉంది. ఎల్లాజీ బోటు ఇంజను ఆగిపోయింది. రుషికొండకు ఎదురుగా, ఒడ్డుకు పది మైళ్ల అవతల ఉన్నారు. బోటులో ఎల్లాజీ, అతని బావ గణేష్, ఇంకో మనిషి, మొత్తం ముగ్గురు. రెండుసార్లు పిలిచి చోటు చెప్పారు. రెండోసారి గొంతు నూతిలోంచి వచ్చినట్టుందట. తర్వాత మాట లేదు, బ్యాటరీ పడిపోయి ఉంటుందని ఆయన అనుమానం.

ఎల్లాజీ తల్లి పోతమ్మ రేడియో గది మెట్టు మీదే కూర్చుని ఉంది. ఆమె రోజూ అక్కడే కూర్చుంటుంది. వేలంలో పాడుకున్న చేపలను ఆ మెట్టు దగ్గరే గంపలో పెట్టి అమ్ముతుంది. ఒక చెవి బేరం మీద, ఒక చెవి రేడియో మీద. కొడుకు సంద్రంలో ఉన్న రోజున ఆ మెట్టు వేరొకరికి ఇవ్వదు. షిరీన్‌ను చూసి లేచి నిలబడింది.

"పాపా, నీ పెట్టె ఏటంతంది?"

షిరీన్ కంప్యూటర్ ముందు కూర్చుంది. నీరు బోటును నైరుతికి ఈడుస్తోంది. గంటకు మైలులో పదో వంతు. అంటే దాదాపు కదలట్లేదన్నమాట. చెప్పిన చోటికి వెళితే అక్కడే ఉంటుంది. షిరీన్ మనసు కుదుటపడింది. ఏడు మరబోట్లు బయల్దేరాయి.

మూడింటికి బోట్లు ఆ చోటికి చేరాయి. ఏమీ లేదు. గుండ్రంగా తిరిగారు. నీళ్లు, ఎండ తప్ప ఏమీ లేదు. నాలుగింటికి షిరీన్ మళ్లీ లెక్క వేయించింది. ఆరు గంటల్లో అరమైలు పైచిలుకు జరిగి ఉంటుంది. అటూ ఇటూ పోయినా రెండు మైళ్లు దాటదు, బోట్లకు దక్షిణంగా అక్కడే ఎక్కడో ఉండాలి. అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. రేడియోలో మాట్లాడడానికి బ్యాటరీ బాగా ఉండాలిగానీ, వినడానికి అడుగూబొడుగూ ఉన్నా చాలు. వాళ్లు పలకలేకపోయినా వింటూ ఉండొచ్చు. నలుగురి గొంతుల్లో ఎల్లాజీ ఎవరి గొంతును పోల్చుకుంటాడో కూడా ఆమెకు తెలుసు. పోతమ్మను లోపలికి పిలిచి మైకు చేతికిచ్చింది. ఏం చెప్పాలో చెప్పింది.

పోతమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది. "ఎల్లాజీ, నానురా, అమ్మని. మన బోట్లు నీకు ఉత్తరంకేసి రెండు మైళ్ల లోపే ఉన్నాయి. కంప్యూటర్ సెప్పింది. ఉత్తరంకేసి సూడు నాయినా."

మూడుసార్లు చెప్పింది. అటు నుంచి గరగర తప్ప ఏమీ రాలేదు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి ఏడు బోట్లూ తిరిగొచ్చాయి. డీజిలు అయిపోయింది. నిన్న చీకటిపడేదాకా, మళ్లీ తెల్లవారు వెలుగులో, కంప్యూటర్ చెప్పిన చోటు చుట్టూ నాలుగేసి మైళ్లు జల్లెడ పట్టామని చెప్పారు. వాళ్లు షిరీన్‌ను తప్పుపట్టలేదు. తొమ్మిది బోట్లను చూపించిన పెట్టె అబద్ధం చెబుతుందని వాళ్లెవరికీ తోచలేదు. బోటు మునిగిపోయి ఉంటుందని గొంతు తగ్గించి అనుకున్నారు. ఎంత తగ్గించినా మెట్టు మీదున్న మనిషికి వినపడనే వినపడింది.

షిరీన్ వీరేంద్రకు ఫోన్ చేసింది. ఆ ప్రోగ్రాము జోలికి వెళ్లి అయిదేళ్లయిందనీ, అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటే లెక్కా అలాగే వస్తుందనీ, తప్పు వస్తే ఎర్రర్ చూపించి ఆగిపోతుందిగానీ తప్పు లెక్క చెప్పదనీ అతను నమ్మకంగా అన్నాడు. ఆమె కొత్త కెర్నల్ గడియారాన్ని తన చేతి గడియారంతో పోల్చి చూసింది. సెకను తేడా లేదు. కంప్యూటర్ ఎంతసేపటి నుంచి నడుస్తోందో అడిగింది. అదీ సరిగ్గానే చెప్పింది. ఎక్కడా చిన్న తేడా కూడా లేదు. ఏదైనా విరిగి కనిపిస్తే చాలు, పట్టుకుని అతికిస్తానని ఆమె ప్రాణం కొట్టుకుంది.

అప్పుడు పోతమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు. "ఈ నెల్లో నీరు అంత నిమ్మళంగా ఉండదు పాపా. నిన్న ఏసిన వలలు కూడా దక్షిణంకేసి కిందకి లాగీసిందని అందరూ సెప్పినారు. మైలులో పదో వంతేటి? నత్తకైనా అంతకన్నా నడకుంతాది."

నిన్న సాయంత్రం కూడా ఆమె ఇదే మాట అంది. షిరీన్ వినిపించుకోలేదు, చదువురాని మనిషి బెంగ అనుకుంది. ఇప్పుడు ఆ మాట ఎక్కడో తగిలింది. వేగమంటే దూరాన్ని సమయంతో భాగించడమే. దూరంలో తప్పు లేదు, చోట్లు వాళ్లే చదివి చెప్పారు, రెంటికీ మధ్య రెండు మైళ్లు. మిగిలింది సమయం. రెండు పిలుపుల మధ్య సమయాన్ని వీరేంద్ర ప్రోగ్రాము లోపల దాచుకుంటుందేగానీ తెర మీద చూపించదు. అయిదేళ్లలో దాన్ని ఎవరూ అడగలేదు. షిరీన్ ప్రోగ్రామును తెరిచి, ఒక లైను చేర్చి, ఆ అంకెను బయటికి రప్పించింది.

"ఇరవై గంటలు," అని పైకి చదివింది.

అర్జునరావు తల గోక్కున్నాడు. ఎల్లాజీ సోమవారం కూడా ఒకటి రెండుసార్లు పిలిచాడనీ, అదేమైనా ఇందులో కలిసిందేమోననీ, పెట్టె ఇరవై అందంటే ఇరవయ్యే అయ్యుంటుందనీ నసిగాడు. తన చెవులతో విన్నవాడే పెట్టె మాట విన్నాక తన చెవులను అనుమానించుకున్నాడు. పోతమ్మ అలా కాదు.

"ఇరవై గంటలేటి?" అంది. "నాను కవళ్ల చేపలగంప దింపి గోనె తీత్తన్నాను, ఆడు పిలిసినాడు, ఇంజను ఆగిపోనాదన్నాడు. మళ్లీ ఆడు పిలిసినప్పుడికి గంపలో ఇంకా అడుగున ఓ వరస ఉన్నాది. ఒక గంప అమ్మినంత సేపు కూడా కాలేదు. ఇరవై గంటలు గంపలో ఉంటే కవళ్లు కుళ్లిపోవేటి?"

"ఒక గంపకు ఎంతసేపు పడుతుందత్తా?"

"రెండు గంటలు. ఎండెక్కువైతే ఇంకా బేగి అమ్మీత్తాను."

రెండు గంటలు. ఇరవై గంటలు. సరిగ్గా పది రెట్లు. షిరీన్ తన డ్రైవర్‌ను తెరిచింది. అయిదేళ్ల కిందట తన చేత్తోనే రాసుకున్న వ్యాఖ్య అక్కడ కనిపించింది: సెకనుకు వంద, ఇది మారేది కాదు.

మారింది. కొత్త కెర్నల్ లోపల సెకనుకు వెయ్యి టిక్కులు కొడుతుంది. దాన్ని రాసినవాళ్లు మాట తప్పలేదు. బయటి ప్రోగ్రాములకు అందించే ప్రతి గుమ్మం దగ్గరా ఆ వెయ్యిని పదితో భాగించి, పాత వందనే చేతిలో పెడుతున్నారు. అందుకే గడియారం సరిగ్గా ఉంది, మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. షిరీన్ డ్రైవర్ మాత్రం ఆ గుమ్మంలోంచి రాలేదు. లోపలి టిక్కులను దొడ్డిదారిన పట్టుకొచ్చి నేరుగా వీరేంద్ర ప్రోగ్రాము విస్తట్లో వేసింది. పాపం అది వెయ్యిని వంద అనుకునే తిన్నది. పరీక్ష చేసిందేమో కట్టేసిన బోట్లతో. కదలని బోటు వేగం సున్నా, సున్నాను దేనితో భాగించినా సున్నాయే. తనకు బుద్ధి ఉన్నట్టా లేనట్టా అని ఆమె తన్ను తాను తిట్టుకుంది. ఏడవాలనిపించింది. ఏడవడానికి వ్యవధి లేదు.

బోటు గంటకు మైలు చొప్పున పోతోంది. రెండో పిలుపు వచ్చి ఇరవై నాలుగు గంటలయింది. వీళ్లు రెండున్నర మైళ్ల దగ్గర వెతికారు. అది ఇరవై నాలుగు మైళ్ల అవతల, దక్షిణాన పూడిమడక తీరం దగ్గరుంది.

ఆమె బయటికొచ్చి బోట్లవాళ్లకు ఆ అంకె చెప్పింది. ఎవరూ లేవలేదు. నిన్న రెండన్న నోటితోనే ఇవాళ ఇరవై నాలుగంటోంది, రేపు ఇంకెంతంటుందో అన్నట్టు చూశారు. రాత్రంతా నిద్రలేని మనుషులు వాళ్లు. అర్జునరావు కూడా నేలచూపులు చూశాడు. అప్పుడు షిరీన్ గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పింది.

"పెట్టె తప్పు కాదు. తప్పు నాది. కెర్నల్ మార్చినప్పుడు నా డ్రైవర్‌ను సరిగ్గా చూసుకోలేదు. నిన్న మిమ్మల్ని తప్పు చోటికి పంపింది నేనే. పోతమ్మత్త గంప చెప్పింది నిజం. మీరు నన్ను నమ్మకపోయినా ఆవిణ్ణి నమ్మండి."

పోతమ్మ ఆమె వంక ఒకసారి చూసింది. ఆ చూపులో ఏముందో షిరీన్‌కు అర్థం కాలేదు. తర్వాత బోట్లవాళ్ల వైపు తిరిగి, "రెండు గంటలే. నాను అమ్మినాను కదా, నాకు తెల్దేటి? ఎల్లండి," అంది. వాళ్లు లేచారు. సంఘం నిల్వలోని డీజిలంతా పట్టి, పదకొండింటికి నాలుగు బోట్లు దక్షిణానికి బయల్దేరాయి.

ఈలోపు షిరీన్ డ్రైవర్‌లో ఒకే ఒక లైను మార్చింది. టిక్కులను అసలు గుమ్మంలోంచి పంపే లైను. అందుకు రెండు నిమిషాలు పట్టింది. వారం కిందట ఈ రెండు నిమిషాలు ఎక్కడ చచ్చాయని ఆమె గోడకేసి తల కొట్టుకోవాలనుకుంది. కొత్త లెక్కలను అర్జునరావు గంటగంటకూ బోట్లకు చదువుతూ వచ్చాడు. పోతమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. షిరీన్ టీ తెప్పిస్తే గ్లాసును పక్కన పెట్టింది, అది అలాగే చల్లారిపోయింది.

నాలుగింటికి రేడియో పలికింది. దొరికింది. కంప్యూటర్ చెప్పిన చోటుకు మైలు దూరం కూడా లేదు. గదిలో ఎవరో దండం పెట్టుకున్నారు. అర్జునరావు మైకు అందుకుని, ముగ్గురూ బాగున్నారా అని అడిగాడు. అటు నుంచి గణేష్ గొంతు వచ్చింది. నీళ్లు లేక ఎండిపోయిన గొంతు.

"ఇద్దరవేఁ ఉన్నాం మావాఁ. ఎల్లాజీ పడవలో నేడు. నిన్న సాయంత్రం మైకులో అత్త సెప్పింది కదా, ఉత్తరంకేసి రెండు మైళ్ల లోపే బోట్లున్నాయని. మాకు ఇనపడింది, పలకడానికే బ్యాటరీ నేదు. ఎంత సూసినా బోట్లు అవుపడనేదు. నాను ఆపినాను. అమ్మ అబద్దం సెప్పదు బావా అన్నాడు. కాళీ డీజిల్ డబ్బా నడుంకి కట్టుకొని ఈదుకుంటా ఎల్లిపోనాడు."

అర్జునరావు మైకు కింద పెట్టేశాడు. షిరీన్ వెనక్కి తిరిగి చూడలేకపోయింది. తల్లి గొంతైతే పోల్చుకుంటాడని మైకును ఆమె చేతిలో పెట్టింది తనే. ఆమె నోట్లో ఆ మాట పెట్టిందీ తనే. ఎల్లాజీ నమ్మింది కంప్యూటర్‌ను కాదు, అమ్మను. ఆ అమ్మ నమ్మింది తనను. తను నమ్మింది అయిదేళ్ల కిందట రాసుకున్న ఒక లైనును.

పోతమ్మ లోపలికొచ్చి కంప్యూటర్ పక్కన నిలబడింది.

"నిన్న సరైన అంకె సెప్పుంటే ఆడు పడవలోనే ఉండీవోడా?"

అబద్ధం చెప్పడానికి దారులు చాలానే ఉన్నాయి. ఏమో అనొచ్చు, దేవుడి దయ అనొచ్చు. షిరీన్ ఆమె కళ్లలోకి చూసి, "ఉండేవాడే అత్తా," అంది.

పోతమ్మ తల ఊపింది. కొట్టినా తిట్టినా పడాలని షిరీన్ అనుకుంది. పోతమ్మ ఆ రెండూ చెయ్యలేదు.

"మరి ఇప్పుడు ఆడికాడ ఇంజనూ నేదు, పడవా నేదు. డబ్బా ఉన్నాది. మునగడు. ఇంక ఆణ్ని నీరే కదా ఈడుస్తాది. లెక్కెయ్యి."

షిరీన్ కుర్చీలో కూర్చుంది. నిన్న సాయంత్రం బోటు నిజంగా ఎక్కడుందో చూసింది. అక్కడి నుంచి ఉత్తరానికి రెండు మైళ్లు జరిపింది, ఎల్లాజీ అంతకుమించి ఈది ఉండడు. నీటి వేగం తెలుసు, దిక్కు తెలుసు. ఎన్ని గంటల తర్వాత చోటు కావాలి అని ప్రోగ్రాము అడిగింది. ఆమె తెర మూలనున్న గడియారం వైపు చూడలేదు. పోతమ్మ వైపు తిరిగింది.

"మీరు మైకులో మాట్లాడి ఎంతసేపైందత్తా?"

పోతమ్మ గుమ్మంలోంచి ఇసుక మీద స్తంభం నీడను చూసింది. "నిన్న ఈ పొద్దుకే."

ఇరవై నాలుగు అని కొట్టింది. తెర మీద చోటు చెప్పే రెండు అంకెలు వచ్చాయి. గణేష్ వాళ్లు దొరికిన చోటుకు కాస్త ఉత్తరంగా, బోట్లు పోయిన దారికి మరీ దూరం కాదు. వెళ్లేటప్పుడు వాళ్లు అతన్ని దాటే వెళ్లి ఉంటారు. పడవ కోసం చూసే కళ్లకు నీళ్లలో తేలే ఒక తల ఎక్కడ కనిపిస్తుంది? పొద్దు వాలడానికి ఇంకా గంటన్నర ఉంది.

అర్జునరావు మైకు అందుకోబోయాడు. పోతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ అంకె నిజమేనా పాపా?"

"నిజమే."

"అయితే నానే సెప్తాను," అని పోతమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది. ఆమెకు అంకెలు చదవడం రాదు. షిరీన్ పక్కన నిలబడి ఒక్కొక్కటే చెవిలో చెబుతుంటే, కొడుకు ఉన్న చోటును ఆమె బోట్లవాళ్లకు ఒక్కొక్కటిగా అప్పజెప్పింది.